అన్నిటికీ లేదన్న మనిషి

ప్రశ్నలక్క సందు మొదట్లో కనబడితే చాలు, తలుపులు ఒక్కొక్కటే మూసుకునేవి. ఎదురొచ్చే పాలాయన సైకిలు అటు తిప్పేసుకునేవాడు. అలాగని ఆవిడ గయ్యాళీ కాదు, బాకీలు వసూలు చేసే మనిషీ కాదు. నవ్వితే ఎడంచెంపలో సొట్ట పడేది. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు జతగా సర్ది, గుమ్మం పక్కన పెట్టి మరీ లోపలికి వచ్చేది. కానీ ఆవిడ ఒక గుమ్మం ముందు చెప్పులు విడిచిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. మారాం చేసే పిల్లల్ని పడుకోబెట్టడానికి తల్లులు "అదుగో ప్రశ్నలక్క వస్తోంది, కళ్ళు మూసుకో" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆవిడ ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది గానీ, కంచం ముందు నుంచి సగంలో లేచిపోయింది.

ఆవిడ ఉద్యోగం అలాంటిది మరి. మనిషి పోయి, ఏడుపులు సద్దుమణిగి, చుట్టాలు వెళ్ళిపోయాక ఈవిడ వెళ్ళాలి. దగ్గరుండి చూసుకున్న మనిషిని కూచోబెట్టి, ఆయన ఎలా పోయాడు, ఆవిడ ఎలా పోయింది అని అడగాలి. జ్వరం వచ్చిందా? దగ్గు వచ్చిందా? దగ్గితే ఏం పడేది? ఒళ్ళు పచ్చబడిందా? కాళ్ళు వాచాయా? అలా అడుగుతూ పలకంత ఫోనులో ఉంది, లేదు, తెలియదు అని నొక్కుకుంటూ పోవాలి.

అంత దిక్కుమాలిన పని ఎందుకు అంటారా? ఊళ్ళో సగం మంది ఇళ్ళలోనే పోతారు. డాక్టరు చూడడు, ఫలానా జబ్బని రాసేవాడు లేడు. ఈ సమాధానాలన్నీ సముద్రాల అవతల ఒక పెద్దాఫీసుకి వెళ్తాయి. అక్కడ ఒక యంత్రం వీటిని చదివి, ఇతను దీనితో పోయాడు, ఈమె దానితో పోయింది అని తేలుస్తుంది. అన్ని దేశాలవీ కలిపి, ప్రపంచం మీద ఏ జబ్బు బరువు ఎంతో తూకం వేస్తారట. తూకంలో ఏది బరువు తూగితే దాని మందులకి డబ్బు పంపుతారట. ఇదంతా ప్రశ్నలక్కకి ఉద్యోగంలో చేర్చుకున్న సూపర్వైజరు చెప్పాడు. పల్చగా, కళ్ళద్దాలు మాటిమాటికీ తుడుచుకునే మనిషి. చెడ్డవాడు కాదు.

"చావులొక్కటే కాదక్కా," అన్నాడు మొదటిరోజు. "పడుచువాడు పోతే వాడు బతకాల్సిన ఏళ్ళన్నీ నష్టం కింద వేస్తారు. మంచాన పడి ఉన్న ఏళ్ళూ కొంత నష్టమే."

ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే వాళ్ళత్త బియ్యం ఏరుతున్నదల్లా తలెత్తింది.

"అంటే నేను పోతే నష్టమేమీ లేదన్నమాట!"

"అలాగని కాదత్తా..."

"ఎలాగైతేనేం. మీ ఆఫీసువాళ్ళకి చెప్పు, నేనిప్పట్లో పోయే ఉద్దేశంలో లేను. నా కోసం తక్కెడ తుడుచుకుని కూచోవద్దను."

సూపర్వైజరు రెండు సంగతులు మాత్రం గట్టిగా చెప్పాడు. ఒకటి, ఎదుటివాళ్ళ నోట్లో మాట పెట్టకూడదు. ఇది ఫలానా జబ్బులా ఉందే అని పొరపాటున కూడా అనకూడదు. రెండోది, మొహం గోడలా ఉండాలి. వాళ్ళు ఏం చెప్పినా కనుబొమ కూడా కదలకూడదు. అయ్యో అన్నామా, వాళ్ళు ఇంకో నాలుగు కలిపి చెబుతారు. మొహం చిట్లించామా, ఉన్నది కూడా దాచేస్తారు.

ఈ గోడమొహం నేర్చుకోవడానికి ఆవిడ ఇంట్లోనే కసరత్తు చేసింది. ఎవరి మీద? కట్టుకున్నవాడి మీద. ఆయన గాజు సీసాల కార్ఖానాలో కొలిమి నోటి దగ్గర పనిచేసేవాడు. ఇనపగొట్టంతో కరిగిన గాజు తీసి అచ్చులో పోయాలి. అక్కడి సెగకి కనుబొమలు సగం కాలిపోయి, ఎప్పుడు చూసినా ఏదో విని ఆశ్చర్యపోయినట్టు కనబడేవాడు. సందులో అందరికీ ఆయన సీసాలాయన. సాయంత్రం పనినుంచి రాగానే కాళ్ళు కడుక్కుని పెళ్ళాం ముందు చతికిలబడేవాడు.

"అడుగు. ఇవాళ ఎవరు పోయారు?"

"మీ మావయ్యగారు పోయారనుకో."

"మా మావయ్య దేనికి? ఆయన ఎలా పోయాడో నాకేం తెలుసు? నేనే పోయాననుకో. పోయినవాణ్ణే అడిగితే సరిగ్గా చెబుతాడు కదా."

"ఛీ, నోరు మంచిది కాదు నీది," అని వంటింట్లోంచి తల్లి అరిచేది. "దీపాలవేళ ఆ చావు కబుర్లేమిట్రా? ఏమే పిల్లా, ఆడుకోవడానికి ఇంకేం దొరకలేదా మీ ఇద్దరికీ?"

సీసాలాయన కళ్ళు మూసుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, పోయినవాడిలా గొంతు పెట్టి సమాధానాలు చెప్పేవాడు. దగ్గుందా అంటే ఉందనేవాడు. ఇంకేముంది, దగ్గు గురించి బోలెడు ప్రశ్నలు వెంటబడి వచ్చేవి. మర్నాడు లేదనేవాడు. ఆ ప్రశ్నలన్నీ ఎగిరిపోయి కడుపునొప్పి దగ్గర తేలేవాళ్ళు. "ఇదేదో బాగుందే. లేదు లేదంటూ పోతే వంట అయ్యేలోపు చచ్చి ఊరుకోవచ్చు," అని నవ్వేవాడు. ఆవిడ నవ్వకూడదు. నవ్వితే గోడ పడిపోయినట్టు. పెదవి కొరుక్కుని అడుగుతూ పోయేది. అలా కొన్నేళ్ళు గడిచేసరికి ఆ ప్రశ్నలన్నీ ఆవిడకి ఎంత కంఠతా వచ్చాయో ఆయనకీ అంతే వచ్చాయి. ఏది ఉందంటే ఎటు పోతుందో, ఏది లేదంటే ఏది తప్పిపోతుందో ఆయనకి తెలియనిది లేదు.

అప్పట్లో అది ఆట.

తర్వాత వాళ్ళ సందులోనే కుట్టు వదిన మొగుడు పోయాడు. కుట్టు వదిన అంటే సందు చివర మిషను పెట్టుకుని కుట్టే మనిషి. ప్రశ్నలక్క రవికెలన్నీ ఆవిడ కుట్టినవే. ఆయన కూడా కొలిమి దగ్గర మనిషే, సీసాలాయన పక్క గొట్టం వాడు. నిన్న మొన్నటిదాకా బండలా ఉన్న మనిషి. తెలిసినవాళ్ళింటికి వెళ్ళడం మహా కష్టం. ప్రశ్నలక్క చెప్పులు విడుస్తుంటేనే కుట్టు వదిన మిషను మీద తల పెట్టేసింది.

"నువ్వొస్తావని తెలుసు వదినా. రాకుండా ఉంటే బాగుండునని కూడా అనుకున్నా."

"నాకూ రాబుద్ధి కాలేదే. కూచో."

అడిగింది. జ్వరం లేదు. దగ్గు లేదు. కాళ్ళ వాపు ఉందా అంటే ఉంది. ముందు సాయంత్రాలు వాచేవట, తర్వాత పొద్దున లేచేసరికి కళ్ళకింద కూడా ఉబ్బేదట. అన్నం తినేవాడా అంటే కుట్టు వదిన తల అడ్డంగా ఊపింది.

"ఏది పెట్టినా ఇనుము నాకినట్టుందే అనేవాడు వదినా. గిన్నెలు మార్చాను. నీళ్ళు మార్చాను. ఆఖరికి నా చేతివంటే పాడైందనుకుని మా అక్క దగ్గర వండించుకొచ్చాను. ఇనుమే అన్నాడు. కార్ఖానా గొట్టం నోట్లో పెట్టుకున్నట్టుందని. ఆఖర్న ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఎక్కిళ్ళతోనే..."

ప్రశ్నలక్క మొహం గోడలాగే ఉంది. కానీ ఆ ఇనుము మాట ఆవిడ వినడం మొదటిసారి కాదు. బేకరీ వెనక ఇంటి పెద్దావిడ తన కొడుకు గురించి అదే చెప్పింది. మేడమెట్ల కింద గదిలో ఉండే ముసలాయన తన తమ్ముడి గురించి అదే చెప్పాడు. అందరూ కొలిమివాళ్ళే. ఎవరూ ముసలివాళ్ళు కాదు. ఫోనులో ఇనుము రుచి గురించి ప్రశ్న లేదు. ఎవరికి వాళ్ళు, అడక్కుండానే చెప్పిన మాట అది.

సూపర్వైజరు వచ్చినప్పుడు అడిగింది. "సార్, మా కొలిమివాళ్ళ చావులకి ఆ యంత్రం ఏం రాస్తోంది?"

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఇతరాలు అని రాస్తోందక్కా."

"ఇతరాలంటే?"

"అంటే... ఏ గుంపులోనూ సరిగ్గా ఇమడనివి. మూత్రపిండాలే అని నాకూ అనుమానంగా ఉంది. వేడిలో నీళ్ళు లేకుండా పనిచేసేవాళ్ళకి వస్తోందని రాసి పంపించాను, రెండుసార్లు. రక్తపరీక్ష లేకుండా ఒప్పుకునేది లేదన్నారు."

"మరి పరీక్షలు పెట్టించండి."

"దాని పేరు మీద డబ్బు వస్తే కదా పెట్టించేది? లెక్కలో పెద్దగా కనబడితేనే డబ్బు. డబ్బుంటేనే పరీక్ష. పరీక్ష ఉంటేనే లెక్కలో కనబడేది." ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "నా మీద కోపం తెచ్చుకోకక్కా. నేనూ ఈ గానుగ చుట్టూ తిరుగుతున్న ఎద్దునే."

ఆవిడకి కోపం రాలేదు. ఇంటి వైపు నడిచింది. అప్పటిదాకా చావంటే ఆవిడకి వేరేవాళ్ళ ఇంట్లో, జరిగిపోయిన సంగతి. వెళ్ళి అడిగి వచ్చేది. ఆ సాయంత్రం మొదటిసారి, అది సందులో తనకంటే ముందు నడుస్తున్నట్టు, తన గుమ్మం ముందే చెప్పులు విడుస్తున్నట్టు అనిపించింది.

గుమ్మంలో సీసాలాయన కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఈవిణ్ణి చూడగానే లుంగీ కిందికి లాక్కున్నాడు.

"ఏమయ్యా, బాగున్నావా?"

"బాగులేక? అదేం ప్రశ్న, పొద్దున్నే కదా చూశావు."

ఇక అక్కణ్ణించి ఆవిడకి కంటిమీద కునుకు లేదు. చూడకూడదనుకుంటూనే చూసేది. ఆయన చెప్పులు గుమ్మం పక్కన ఉంటాయి కదా, ఒకరోజు చూస్తే వాటి పై పట్టీ కోసి, మళ్ళీ వదులుగా కట్టి ఉంది. చెప్పులవాడు బిగించి కుట్టాడని సణిగాడు. అన్నం దగ్గర కూచుంటే నాలుగు ముద్దలు తిని, మిగతాది పెరట్లో కోళ్ళకి వేసేవాడు. "ఎండకి ఆకలి చచ్చిపోయింది," అనేవాడు. మరుగుదొడ్డికి వెళ్తే బకెట్టు తర్వాత బకెట్టు నీళ్ళు గుమ్మరించే చప్పుడు వినబడేది. ఇంతకుముందు ఒక చెంబు పోయమంటేనే బద్ధకించే మనిషి. ఒకరోజు ఆవిడ ఆయన వెనకే లోపలికి వెళ్ళి చూసింది. అన్ని నీళ్ళు పోసినా, మూల పగులులో తెల్లటి నురగ ఇంకా చిన్న బుడగలుగా పగులుతోంది. సబ్బు నురగేమో అనుకోవాలని చూసింది. సబ్బు గూట్లో ఎండి ఉంది.

అత్తకి చెబుదామా అంటే నోరు పెగల్లేదు. ఆవిడకి ఉన్నది ఒక్కగానొక్క కొడుకు. పైగా చెప్పడమంటే పేరు పెట్టడమే. పేరు పెడితే అది నిజమైపోతుందేమోనని భయం. అందుకని వంటింట్లో గరిట పట్టుకుని నిలబడి, చెబుదామా వద్దా అని కూర మాడగొట్టేది.

"ఏమే, ఈమధ్య కూరలన్నీ బొగ్గవుతున్నాయి. మీ ఆఫీసులో మాడినవాళ్ళ లెక్క కూడా అడిగారా?" అనేది అత్త.

ఆఖరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, ముగ్గురూ వసారాలో కూచుని ఉండగా, ఆవిడ ఫోను తీసింది. ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమయ్యా, చాన్నాళ్ళయింది. ఒకసారి ప్రశ్నలాట ఆడదామా? మర్చిపోతున్నాను."

సీసాలాయన ఆవిడ వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని, చేతులు గుండెల మీద పెట్టుకున్నాడు. "అడుగు."

"జ్వరం?"

"లేదు."

"కాళ్ళు వాచాయా?"

"లేదు."

"మొహం ఉబ్బిందా?"

"లేదు."

"అన్నం సయిస్తోందా... సయించకపోవడం ఉందా?"

"లేదు."

టకటకా చెప్పేస్తున్నాడు. మునుపైతే ఒకటైనా ఉందనేవాడు, ఆట రక్తి కట్టడానికి. పోయినవాడిలా ముక్కుతో గొంతు పెట్టేవాడు. ఇప్పుడు మామూలు గొంతే. ఆవిడ ఎన్నో ఇళ్ళలో కూచుని వచ్చిన మనిషి. మనిషన్నాక ఏదో ఒకటి ఉంటుంది. పళ్ళు ఊడిపోయిన తాత కూడా మోకాలు నొప్పుందంటాడు. అన్నిటికీ లేదనేవాళ్ళు ఏదో దాచే ఇళ్ళవాళ్ళే. నిద్రమాత్రలు మింగిన పిల్ల తల్లి అలాగే చెప్పింది, లేదు, లేదు, లేదు అని, గోడ వైపు చూస్తూ.

"తలనొప్పి వచ్చిందా?"

"లేదు."

"ఏరా!" అంది తల్లి, చేతిలో దారపుండ పక్కన పడేసి. "మొన్న నా చేత నుదుటికి మందు రాయించుకున్నది నువ్వు కాదా? అమ్మా, తల పగిలిపోతోందే అని ఏడ్చినంత పని చేశావు కదరా?"

పెరట్లో కోడి ఒకటి గొణుక్కుంటోంది. సీసాలాయన కళ్ళు తెరవలేదు.

"కళ్ళు తెరువు," అంది ప్రశ్నలక్క. "పోయినవాడిలా అలా పడుకోకు. కళ్ళు తెరువయ్యా."

తెరిచాడు. కాలిన కనుబొమల కింద ఆ కళ్ళు ఎప్పటిలాగే ఆశ్చర్యపోయినట్టు ఉన్నాయి, కానీ చుట్టూ ఉబ్బు.

"ఉందంటే ఏమవుతుందే?" అన్నాడు మెల్లగా. "నువ్వు ఇన్నేళ్ళుగా అడుగుతున్నావు కదా. నువ్వడిగినవాళ్ళలో ఒక్కడు బతికున్నాడా? ఒక్కడి పేరు చెప్పు. దేనికి ఉందంటే ఎటు పోతుందో నాకు తెలుసు. ఆ దారంతా నాకు తెలుసే. ఉందని ఒక్కదానికి అన్నానంటే, ఆఖరి ప్రశ్న దాకా నడవాల్సిందే నేను."

"ఏ దార్రా? ఏమిట్రా వీడు అనేది?" తల్లి ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

"ఇనుములా ఉందా?" అని అడిగింది ప్రశ్నలక్క. నోట్లో మాట పెట్టకూడదన్న కట్టుబాటు ఆ రోజుతో తెగిపోయింది.

ఆయన పెరట్లో కోళ్ళ వైపు చూశాడు.

"పొద్దున కొంచెం. అమ్మ చేసిన పచ్చడి వేసుకుంటే తెలియదు."

ఎప్పుడూ నోరు మూతపడని ఆ తల్లి, కొడుకు లుంగీ మోకాళ్ళదాకా పైకి లాగి, పాదాలు తన ఒళ్ళోకి తీసుకుని, వేలితో నొక్కి చూసింది. వేలు తీసేసినా గుంట అలాగే ఉంది. ఆ గుంట వంకే చూస్తూ కూచుంది.

ఒళ్ళునొప్పుల బిళ్ళల సంగతి కూడా అప్పుడే బయటపడింది. కార్ఖానా గేటు దగ్గర కొట్లో అమ్ముతారట. కొలిమివాళ్ళందరూ పనిలో దిగేముందు వేసుకుంటారట, సెగకి నరాలు లాగకుండా. నీళ్ళు తాగుదామంటే పని మధ్యలో కదలనివ్వరు, తాగితే బయటికి వెళ్ళాలి కదా. అందుకని బిళ్ళ వేసుకుని, నోరు తడుపుకుని, పని కానిచ్చేవాళ్ళు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఊరి ఆరోగ్యకేంద్రానికి వెళ్ళారు. లోపల దగ్గుగది ఒకటుంది. కొత్తగా సున్నం వేసి, ఫ్యానులు పెట్టి, నిగనిగలాడుతూ ఉంటుంది. దాని పక్కన జ్వరంగది, దానికీ కొత్త కుర్చీలు. వాటిని ఇచ్చిన దేశాల జెండాలు తలుపుల మీద అంటించారు. ఆ రెండూ దాటి వెనక్కి వెళ్తే, పెచ్చులూడిన గదిలో మిగతా జబ్బులన్నిటికీ కలిపి ఒక్క ల్యాబు. అందులో ఉండేది ల్యాబాయన. తల నెరిసిన మనిషి, చెవిలో పెన్సిలు, ప్రశ్నలక్కని ఎన్నాళ్ళుగానో ఎరుగును.

"రా చెల్లెమ్మా. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదన్నా. ఈయనకి మూత్రపిండాల పరీక్ష చెయ్యాలి."

ల్యాబాయన నవ్వు ఆగిపోయింది. సీసాలాయన మొహం వంక, కాళ్ళ వంక చూశాడు. మూలనున్న యంత్రం మీద కప్పిన గుడ్డ ఎత్తి చూపించాడు.

"మిషనుంది. అందులో పోసే మందు లేదు. ఎప్పుడో వచ్చింది ఒక డబ్బా, అయిపోయింది. ఏ గదివాళ్ళ డబ్బులోనూ అది లేదట. బావగారూ, మీకు దగ్గేమైనా ఉందా?"

"లేదన్నా."

"కాస్త గుర్తు తెచ్చుకోండి. దగ్గుందంటే ముందుగదిలో ఎక్స్‌రే తీస్తారు, రక్తం తీస్తారు, వెళ్ళేటప్పుడు గుడ్లు కూడా ఇస్తారు. రాజభోగం." అని తనే తల అడ్డంగా ఊపాడు. "ప్చ్. దానివల్ల మనకి కావలసింది తెలియదులెండి. నోరూరుకోక అన్నాను."

"మరి ఎలాగన్నా?" అంది ప్రశ్నలక్క.

"మిషన్లు లేని రోజుల్లో మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. ఎంత పాడైందో చెప్పదు. పాడవుతోందా లేదా అన్నది చెబుతుంది. చాలా?"

సీసాలాయన చేతికి ఒక సీసా ఇచ్చి, మూత్రం పట్టుకు రమ్మని పంపాడు. తమ కార్ఖానాలో పోసిన సీసానే. ఆయన దాన్ని తిప్పి అడుగు చూశాడు, అలవాటు కొద్దీ. తిరిగి వచ్చాక ల్యాబాయన అందులోది గాజుగొట్టంలో పోసి, స్పిరిట్ దీపం వెలిగించాడు. గొట్టాన్ని చెక్క పట్టకారుతో పట్టుకుని, పైభాగం మాత్రం మంటకి చూపించాడు.

"ఒంట్లోంచి పోకూడనిది ఇందులో పోతోందనుకోండి, గుడ్డు సొన ఉడికితే తెల్లబడినట్టు తెల్లబడుతుంది. కానీ ఒట్టి ఉప్పులున్నా ఒక్కోసారి తెల్లబడుతుంది. అందుకని కంగారు పడకూడదు. తెల్లబడితే రెండు చుక్కలు వెనిగరు వేస్తాను. ఉప్పులైతే విరిగి తేటబడిపోతుంది. అప్పుడు మీరు నాకు టీ ఇప్పించి ఇంటికి వెళ్ళచ్చు."

"తేటబడకపోతే?" అన్నాడు సీసాలాయన.

ల్యాబాయన మంట సర్దుకున్నాడు.

గొట్టం పైన చిన్న చిన్న బుడగలు లేచాయి. ఏమీ కాలేదు. ప్రశ్నలక్కకి ఊపిరి ఆడింది. ఇంకాసేపు మంట మీద ఉంచాడు. అప్పుడు, అద్దం మీద ఆవిరి పట్టినట్టు, పైభాగం మసకబారింది. కిందిది తేటగానే ఉంది, పైది పల్చటి పాలనీళ్ళలా మారింది. రెంటికీ మధ్య గీత గీసినట్టు తెలుస్తోంది.

"ఉప్పులవ్వచ్చు," అన్నాడు ల్యాబాయన, సీసా మూత తిప్పుతూ.

వెనిగరు వాసన గది నిండా వచ్చింది. మొదటి చుక్క పడింది. తెలుపు కదిలింది, పొగలా తిరిగింది. ప్రశ్నలక్క బల్ల అంచు పట్టుకుంది. పో, పో, విరిగిపో అని లోపల అంటోంది. బేకరీ వెనకింటి పెద్దావిడ కళ్ళ ముందు మెదిలింది, మిషను మీద కుట్టు వదిన తల మెదిలింది, రేపు తన ఇంటి గుమ్మంలో వేరెవరో చెప్పులు విడిచి సర్ది, పలకంత ఫోను తీసి, ఆయన ఎలా పోయారమ్మా అని అడగడం మెదిలింది. రెండో చుక్క పడింది. తెలుపు తిరిగి, తిరిగి, కుదురుకుంది.

పోలేదు.

గదిలో ఆ గొట్టం వంక చూడని మనిషి ఒక్కడే ఉన్నాడు. సీసాలాయన మొదటినుంచీ పెళ్ళాం మొహమే చూస్తున్నాడు.

"చెప్పక్కర్లేదులే," అన్నాడు. "గోడైపోయావు."

అన్నేళ్ళ అలవాటు కదా, ఆవిడకి తెలియకుండానే మొహం బిగుసుకుపోయింది. కనుబొమ కదల్లేదు, పెదవి కదల్లేదు. పరాయి ఇళ్ళలో ఎన్నో చావుల ముందు నిలబడ్డ గోడ అది. మొగుడు ఆ మాట అనేసరికి నిట్టనిలువునా కూలింది. పసిపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది. దగ్గుగదిలోంచి ఎవరో తొంగిచూసి, ప్రశ్నలక్క ఏడవడమేమిటని నోరెళ్ళబెట్టి వెళ్ళారు.

ల్యాబాయన దీపం ఆర్పి, ఆవిడ ఏడుపు తగ్గేదాకా ఆగాడు.

"చెల్లెమ్మా, విను. పెరుగులా గడ్డకట్టలేదు. పల్చగా ఉంది. అది మంచిదని నేననను, నేను డాక్టర్ని కాదు. పట్నం పెద్దాసుపత్రిలో రక్తం చూస్తారు, బీపీ చూస్తారు. వెళ్ళండి, ఇవాళే బయల్దేరండి. ఆ బిళ్ళలు ఇక ముట్టకండి బావగారూ. కొలిమి నోటి దగ్గరికి వెళ్ళకండి. ఇక్కడికి వచ్చిన మీ కొలిమివాళ్ళందర్నీ మోసుకొచ్చారు. నడిచొచ్చింది మీరొక్కరే."

"రక్తపోటు బిళ్ళలైనా ఇక్కడ దొరుకుతాయా అన్నా?"

"ఈ నెల ఉన్నాయి," అన్నాడు ల్యాబాయన. వచ్చే నెల సంగతి ఆయన చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

పట్నంలో చూశారు. మూత్రపిండాలు సగానికి పైగా పనిచేస్తున్నాయి, సగం లోపు పోయాయి, పోయినవి తిరిగి రావు, ఉన్నవాటిని కాపాడుకోవాలి అన్నారు. రక్తం కడిగే మిషన్లున్న వార్డు మీదుగానే బయటికి నడవాలి. అక్కడ మెట్ల మీద వంతు కోసం కూచున్నవాళ్ళని ప్రశ్నలక్క చూడకుండా ఉండలేకపోయింది. కాళ్ళు వాచినవాళ్ళు, గోడకి ఆనుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా. మొగుడి కళ్ళకి అడ్డంగా నడిచింది. ఆయనకి కనబడిందని ఆవిడకి తెలుసు.

సీసాలాయన ఇప్పుడు కొలిమి మానేసి, చల్లారిన సీసాలకి గడ్డి చుట్టే చోట కూచుంటున్నాడు. జీతం తగ్గింది. పక్కనే పెద్ద నీళ్ళ చెంబు. మిగతా కొలిమివాళ్ళకి కూడా ఆ బిళ్ళలు వద్దని చెబుతాడు. కొందరు విన్నారు, కొందరు నువ్వు చుట్టే గడ్డిలా మెత్తబడ్డావురా అని నవ్వారు. కుట్టు వదిన మాత్రం మిషను మీదనుంచి లేచి వెళ్ళి, గేటు దగ్గర కొట్టువాడితో పెద్ద గొడవ పెట్టుకుంది. ఇతరాల కింద పడ్డవాళ్ళ సంగతి సూపర్వైజరు మళ్ళీ రాసి పంపాడు. బదులు ఇంకా రాలేదు.

ప్రశ్నలక్క ఉద్యోగం మానలేదు. తలుపులు ఇప్పటికీ మూసుకుంటూనే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు పోయినవాడి ప్రశ్నలు ముగిశాక, ఫోను పక్కన పెట్టేసి, గుమ్మం దాటబోతూ ఇంట్లో మిగిలిన మగవాళ్ళ కాళ్ళ వంక చూస్తుంది. సూపర్వైజరుకి తెలుసు. తెలియనట్టు ఉంటాడు.

రోజూ పొద్దున పనికి వెళ్ళేముందు సీసాలాయన వసారాలో కాళ్ళు చాపుతాడు. ఆవిడ బొటనవేలు చీలమండ పైన ఆనించి గట్టిగా నొక్కుతుంది. అత్త బియ్యం పళ్ళెం పక్కన పెట్టి వచ్చి పైనుంచి వంగి చూస్తుంది.

"తలనొప్పుందా?"

"ఉంది."

"ఆకలి?"

"ఉంది. మా అమ్మ మీద కోపముంది. గడ్డి గుచ్చుకుని వేళ్ళ మంట ఉంది. నిన్న రాత్రి పిచ్చి కలొచ్చింది. రాసుకో."

"నోట్లో?"

ఆయన కాసేపు నాలుక ఆడించి చూసుకుంటాడు. ఆ కాసేపూ వసారాలో ఎవరూ కదలరు.

"ఇవాళ లేదు."

ఆ మాట నిజమో, ఆటో ఆవిడకి తెలియదు. అన్నిటికీ లేదని చెప్పిన మనిషి కదా. అందుకని బొటనవేలు తీసి గుంట వైపే చూస్తుంది.

"పూడిందా?" అంటాడు ఆయన, కాళ్ళ వంక కాకుండా ఆవిడ మొహం వంక చూస్తూ.

"పూడుతోంది. కదలకు."